షాపు నింపడం వేరు, అమ్మడం వేరు: కొత్త ప్రొడక్ట్‌ని కంపెనీలు మార్కెట్‌లోకి ఎలా తెస్తాయి?

తెనాలి_మిల్లు
అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర మాకు పిండి మిల్లు ఉంది. నాన్న హయాం నుంచి కారం, పసుపు, పిండి ఆడుతున్నాం. కొంతకాలంగా మొలకెత్తించిన రాగులతో జావ మిక్స్ చేసి చుట్టాలకీ తెలిసినవాళ్లకీ ఇస్తున్నాం. వేడినీళ్లలో కలుపుకుని తాగేయడమే. తాగినవాళ్లందరూ "చాలా బాగుంది, మార్కెట్‌లో పెట్టండి, పిచ్చపిచ్చగా అమ్ముడుపోతుంది" అంటున్నారు.

నా ప్రశ్న ఇదీ. పెద్ద కంపెనీలు ఒక కొత్త సరుకుని ఆలోచన దగ్గర్నుంచి షాపు దాకా ఎలా తీసుకొస్తాయి? ఎక్కడ ఆగి ఏం చూసుకుంటాయి? ఏది చూసి "ఇది నిలబడుతుంది" అని డబ్బు పెడతాయి? యూట్యూబ్‌లో వెతికితే ప్యాషన్, బ్రాండింగ్ అనే మాటలే తప్ప అసలు పని ఎవరూ చెప్పడం లేదు. ఈ లైన్‌లో పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి.

బీట్_రాజు
తమ్ముడూ, నేను విజయవాడలో సబ్బులు, బిస్కెట్ల లైన్‌లో సేల్స్ చేశాను. రెప్ నుంచి ఏరియా మేనేజర్ దాకా వెళ్లాను. నీ పోస్టులో ఒక్క మాట నన్ను భయపెట్టింది: "తాగినవాళ్లందరూ బాగుందన్నారు." వాళ్లలో డబ్బిచ్చి కొన్నవాళ్లు ఎంతమంది? కొని, అయిపోయాక మళ్లీ వచ్చి అడిగినవాళ్లు ఎంతమంది? ఈ రెండో లెక్క నీ దగ్గర లేకపోతే ఇంకా ఏ లెక్కా లేనట్టే.

కంపెనీల్లో జరిగేది చెప్తాను. ఆలోచనలు చాలా వస్తాయి. మార్కెటింగ్ వాళ్లు ఒక పేరా రాసి, ధర వేసి కొంతమందికి చూపించి "కొంటారా" అని అడుగుతారు. అందులో నిలిచినవాటికి ల్యాబ్‌లో శాంపిల్ చేస్తారు. దాన్ని ఇళ్లకిచ్చి కొన్నాళ్లు వాడమంటారు. తర్వాత ఫ్యాక్టరీలో చిన్న బ్యాచ్. ఒకటి రెండు ఊళ్లలో అమ్మకం. ఆ తర్వాతే రాష్ట్రమంతా. మెట్టు మెట్టుకీ "కొనసాగించాలా, ఆపాలా" అని కూర్చుంటారు. కాగితం మీద ఇది చక్కగానే ఉంటుంది. నిజంలో ఏం జరుగుతుందంటే, పైన ఎవరో పెద్దాయనకి ఆ ప్రొడక్ట్ నచ్చి ఉంటుంది కాబట్టి ఏ మెట్టు దగ్గరా ఆపరు.

అసలు మోసం అమ్మకాల లెక్కలో ఉంది. కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కి పంపితే అది ప్రైమరీ సేల్. డిస్ట్రిబ్యూటర్ షాపుకి వేస్తే సెకండరీ. షాపులో నుంచి ఇంటికి వెళ్లిందే నిజమైన అమ్మకం, దాని లెక్క మాత్రం చిన్న కంపెనీ దగ్గర ఉండదు. కొత్త సరుకు దింపిన మొదటి నెలల్లో ప్రైమరీ గ్రాఫ్ ఆకాశంలోకి వెళ్తుంది. కారణం, గోడౌన్లూ షాపులూ నిండుతున్నాయి. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక కొత్త నూడుల్స్‌కి ఇలాగే స్వీట్లు పంచుకున్నారు. ఎండాకాలం వచ్చేసరికి ఎక్స్‌పైరీ డబ్బాలు ఆటోల్లో తిరిగొచ్చాయి. డిస్ట్రిబ్యూటర్లు నా ఫోన్ ఎత్తడం మానేశారు.

న్యూజెర్సీ_పీఎం
రాజు గారు చెప్పిందే సాఫ్ట్‌వేర్‌లోనూ. డౌన్‌లోడ్లు ఎన్నని ఎవరూ అడగరు, ముప్పై రోజుల తర్వాత ఎంతమంది మిగిలారు అని అడుగుతారు. నేను ఇక్కడ ప్రొడక్ట్ మేనేజర్‌ని. మాకున్న సుఖం ఏంటంటే, తప్పయితే సాయంత్రానికి వెనక్కి తీసేయొచ్చు. పిండి ప్యాకెట్‌కి ఆ సౌకర్యం లేదు.

ఇక్కడ బాగా చెప్పుకునే ఒక ఉదాహరణ పోస్ట్-ఇట్, అంటించి తీసేసే చిన్న చీటీలు. త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే శాస్త్రవేత్త 1968లో ఒక జిగురు తయారుచేశాడు. గట్టిగా అంటుకోదు, సులువుగా ఊడొస్తుంది. దేనికి పనికొస్తుందో ఏళ్ల తరబడి తేలలేదు. ఆర్ట్ ఫ్రై అనే సహోద్యోగికి చర్చిలో పాటల పుస్తకంలో పెట్టుకున్న చీటీలు జారిపోతుంటే ఈ జిగురు గుర్తొచ్చింది. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే.

నాకు ఆసక్తి ఆ తర్వాతి భాగం మీద. 1977లో నాలుగు ఊళ్లలో "ప్రెస్ ఎన్ పీల్" అనే పేరుతో అమ్మకానికి పెట్టారు. పెద్దగా పోలేదు. దీన్ని వాడి చూడనివాడికి ఇది ఎందుకు కావాలో అర్థం కాదు. మరుసటి ఏడాది ఐడహో రాష్ట్రంలోని బాయిసీ పట్టణంలో ఆఫీసులకి ఊరికే పంచారు. వాడినవాళ్లలో తొంభై శాతానికి పైగా మళ్లీ కొంటామన్నారు. 1980లో అమెరికా అంతటా విడుదలైంది. వస్తువు మారలేదు, జనం చేతికి చేరిన పద్ధతి మారింది. మొదటి ఫలితం చూసి మూసేసి ఉంటే ఈరోజు మనం ఫ్రిజ్ మీద చీటీలు అంటించుకునేవాళ్లం కాదు.

ఖమ్మం_కిరాణా
నేను షాపు నడిపేదాన్ని, కంపెనీల సంగతి నాకు తెలియదు. కౌంటర్ ఇవతల ఏం జరుగుతుందో చెప్తా.

వారానికి ఒకరిద్దరు కొత్త బ్రాండ్ వాళ్లు వస్తారు. పచ్చళ్లు, మసాలాలు, ఇప్పుడు ఎక్కువగా మిల్లెట్లు. అందరి దగ్గరా అదే మాట, "అక్కా, ఇరవై శాతం మార్జిన్ ఇస్తాం, అమ్ముడుపోకపోతే వాపస్ తీసుకుంటాం." నాలో వచ్చే ప్రశ్న ఒక్కటే, వచ్చే నెల ఈ అబ్బాయి మళ్లీ వస్తాడా? చాలామంది రారు. సరుకు నా దగ్గరే పురుగు పడుతుంది. అందుకే ఇప్పుడు కొత్తవాళ్లకి ముందు డబ్బు ఇవ్వను, అమ్మాకే ఇస్తా. కోపం తెచ్చుకోవద్దు.

ఇంకోటి. నా షాపులో కళ్లకి ఎదురుగా ఉండే అర ఒక్కటే. అందులో నీ ప్యాకెట్ పెట్టాలంటే ఇంకోటి తీయాలి. తీసేది రోజూ అమ్ముడుపోయేదే అయి ఉంటుంది. నువ్విచ్చే ఇరవై శాతం ఆరు నెలలకి ఒక ప్యాకెట్ మీద వస్తే నాకేం లాభం? ఎనిమిది శాతమే వచ్చినా రోజూ పోయే సరుకు నాకు మేలు.

తెనాలి_మిల్లు
అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మార్జిన్ పెంచితే షాపువాళ్లు ముందుకు తోస్తారనే లెక్కలోనే ఉన్నాను ఇప్పటిదాకా. మరి అడగాల్సింది అడుగుతాను. ఏ ధర, ఏ సైజు పెట్టమంటారు? నేను అరకిలో 180 రూపాయలకి అనుకుంటున్నా.

ఖమ్మం_కిరాణా
పేరు వినని ప్యాకెట్‌కి 180 ఎవరు పెడతారు తమ్ముడూ? పది రూపాయలది పెట్టు. పిల్లలకి ఒకసారి కలిపి చూస్తారు. బాగుంటే పెద్దది అడుగుతారు.

కడలూరు_అల్లుడు
అక్క చెప్పిన పది రూపాయల ప్యాకెట్ వెనక పెద్ద చరిత్రే ఉంది. మా అత్తగారి ఊరు కడలూరు, అందుకే ఈ కథ నాకు ఇష్టం. షాంపూ సాచెట్ ఆలోచనకి ఆద్యుడిగా అక్కడి చిన్ని కృష్ణన్‌ని చెప్తారు. ఆయన పోయాక కొడుకులు వెల్వెట్ షాంపూ నడిపారు. వాళ్లలో సి.కె. రంగనాథన్ విడిగా బయటికొచ్చి 1983లో 15 వేల రూపాయలతో సొంత వ్యాపారం పెట్టాడు. తండ్రి పేరులోంచే "చిక్" వచ్చింది. ఇప్పుడది కెవిన్‌కేర్.

ఆయన చేసిన ఒక పని చూడండి. ఏ కంపెనీవైనా సరే ఖాళీ షాంపూ సాచెట్లు ఐదు తెస్తే ఒక చిక్ సాచెట్ ఊరికే. ఖాళీ సాచెట్ తెచ్చిన మనిషి అంటే అప్పటికే షాంపూ వాడే మనిషి. సర్వే పెట్టకుండానే అసలైన కస్టమర్‌ని పట్టుకున్నాడు. కొన్నాళ్లకి నిబంధన మార్చి చిక్ ఖాళీ సాచెట్లకి మాత్రమే ఉచితం అన్నాడు. అంటే ఈసారి ఉచిత సాచెట్ కావాలంటే అంతకుముందు చిక్ కొని ఉండాలి. షాంపూ అలవాటు లేని పల్లెల్లో అయితే మనుషులు వెళ్లి పిల్లలకి తలంటి చూపించారు. తర్వాత్తర్వాత 50 పైసల సాచెట్ కూడా తెచ్చారు.

రాజు గారు అడిగిన రెండో లెక్క ఇదే కదా. స్కీమే కొలబద్ద కూడా అయింది.

బీట్_రాజు
సరిగ్గా అదే. కానీ అందరూ కాపీ కొట్టేది సాచెట్‌ని, స్కీమ్ నడిపిన తీరుని కాదు. చిన్న ప్యాకెట్‌లో ఇంకో చిక్కు ఉంది. పది రూపాయల్లో కవర్ ఖర్చు వాటా బాగా ఎక్కువ. చిన్న ప్యాకెట్ మీద లాభం ఆశించకు, దాన్ని శాంపిల్ ఖర్చు కిందే రాసుకో.

ధర లెక్క కూడా వెనక నుంచి వెయ్యాలి. ఎమ్మార్పీ 100 అనుకో. కొత్త బ్రాండ్ కాబట్టి షాపుకి 20 పోతుంది. డిస్ట్రిబ్యూటర్‌కి ఆరో ఏడో. జిల్లా దాటితే సూపర్ స్టాకిస్ట్‌కి, అంటే డిస్ట్రిబ్యూటర్లకి సరుకు అందించేవాడికి, ఇంకో మూడు నాలుగు. పన్ను, రవాణా, స్కీమ్, డ్యామేజీ, ఎక్స్‌పైరీ రిటర్న్. ఇవన్నీ పోయాక నీ చేతికి 60 వస్తే సంతోషించు. అందులో రాగులు, కూలీ, కరెంటు, కవర్, నీ జీతం. చాలామంది తయారీ ఖర్చు మీద ఇంత శాతం అని వేసుకుని ధర పెడతారు. అలా పెట్టినవాళ్లు ఊళ్లో అమ్మినంతకాలం బాగానే ఉంటారు, డిస్ట్రిబ్యూటర్ వచ్చిన రోజున మునుగుతారు.

పుణె_ఇంజినీర్
ఎవరైనా టాటా నానో కారు గురించి అంటారేమో అని చూస్తున్నా, నేనే మొదలుపెడతా. నాది ఆటోమొబైల్ విడిభాగాల రంగం. నానో ఇంజినీరింగ్‌గా గొప్ప పని అని ఇప్పటికీ అంటాను. లక్ష రూపాయల ధర ముందు పెట్టుకుని, దానికి సరిపోయేలా కారుని గీశారు. రెండు సిలిండర్ల ఇంజిన్ వెనక పెట్టారు, ఒకటే వైపర్, చక్రానికి మూడే నట్లు. 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో రతన్ టాటా చూపించినప్పుడు ప్రపంచమంతా రాసింది.

తర్వాత బెంగాల్‌లోని సింగూరులో ఫ్యాక్టరీ భూముల గొడవ. 2008 అక్టోబరులో బెంగాల్ వదిలి గుజరాత్‌లోని సనంద్‌కి వెళ్లారు. 2009 మార్చిలో లాంచ్ చేస్తే బుకింగులు 2 లక్షలు దాటాయి, లాటరీ తీసి కార్లు కేటాయించారు. సనంద్ ప్లాంటు 2010లో మొదలైంది, ఏడాదికి రెండున్నర లక్షల కార్లు చేసే సత్తాతో. బాగా అమ్ముడుపోయిన 2011-12లో కూడా లెక్క 75 వేలు దాటలేదు. 2018 జూన్‌లో ఒకే ఒక్క కారు తయారైంది.

ఫ్యాక్టరీ ఆలస్యం, కొన్ని కార్లకి నిప్పంటుకున్న వార్తలు, ఇవన్నీ దెబ్బ కొట్టాయి. నాకు మాత్రం పెద్ద కారణం వేరే అనిపిస్తుంది. బైకు మీద నలుగురు వెళ్లే కుటుంబం కోసం చేసిన కారుని "ప్రపంచంలోకెల్లా చవకైన కారు" అని పిలవనిచ్చారు. కారు కొనేది ఇంటిముందు నలుగురూ చూడాలని కూడా. చవకది అని ముద్రపడ్డదాన్ని అప్పు చేసి ఎవరు కొంటారు? అదే డబ్బుకి సెకండ్ హ్యాండ్ మారుతి వస్తుంది. చవక అనే ముద్ర దెబ్బతీసిందని రతన్ టాటా కూడా తర్వాత ఒప్పుకున్నారు.

గోదారి_గట్టు
ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, టాటాలు, అమెరికా కంపెనీలు, వీటికీ రాగి జావకీ ఏంటి సంబంధం? అతనికి కావాల్సింది ఒక మంచి పేరు, ఒక మంచి కవర్, ఇన్‌స్టాలో నాలుగు రీల్స్. ఈరోజుల్లో కనపడిందే అమ్ముడుపోతుంది. ఇంత టెన్షన్ పెట్టకండి కుర్రాణ్ణి.

పుణె_ఇంజినీర్
> కనపడిందే అమ్ముడుపోతుంది

నానో కంటే ఎక్కువ కనపడ్డ వస్తువు మన దేశంలో ఇంకోటి చెప్పండి సార్.

గోదారి_గట్టు
అది ఒప్పుకుంటా. కానీ కనపడకుండా అమ్ముడుపోయిందీ చెప్పండి ఒకటి.

న్యూజెర్సీ_పీఎం
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, ప్రచారం మొదటిసారి కొనిపిస్తుంది. రెండోసారి మాత్రం వస్తువే కొనిపించాలి.

గోదారి గారికి ఇంకో ఉదాహరణ. కోకాకోలా 1985లో తన పాత ఫార్ములా మార్చే ముందు రెండు లక్షల మందికి దగ్గరగా రుచి పరీక్షలు చేసింది. కొత్త రుచే బాగుందన్నారు ఎక్కువమంది. ఏప్రిల్ 23న విడుదల చేశారు. ఫోన్లు, ఉత్తరాలు, తిట్లు. జులై 11న పాతది మళ్లీ తెస్తున్నామని ప్రకటించారు. చిన్న కప్పులో ఒక గుక్క తాగేటప్పుడు తీపి ఎక్కువున్నది నచ్చడం మామూలే. ఇంటికి తీసుకెళ్లి రోజూ సీసాడు తాగడం వేరే సంగతి. పైగా "ఇది వస్తే మీ పాతది ఇక దొరకదు" అనే మాట ఆ పరీక్షల్లో జనానికి సూటిగా చెప్పలేదు.

తెనాలి సోదరా, మీ చుట్టాలు కూడా ఒక గ్లాసే తాగి చెప్పారు.

ఫుడ్‌టెక్_సుధ
ఆలస్యంగా చూశాను. నేను ఫుడ్ టెక్నాలజీ చదివి ప్యాకేజ్డ్ ఫుడ్స్‌లో పనిచేస్తున్నాను. మార్కెటింగ్ సంగతి పైన చాలా చెప్పారు. నేను మిల్లు వైపు మాట్లాడతాను, ఎందుకంటే చిన్న తయారీదారుల సరుకు చాలాసార్లు అమ్మకం దగ్గర కాదు, అరలో ఉండగానే పాడైపోతుంది.

ఇంట్లో చేసి వారంలో తాగేసే మిక్స్ వేరు, ఆరు నెలలు షాపులో ఉండేది వేరు. రాగిలో కొవ్వు తక్కువ కాబట్టి కొంత నయం. సజ్జ అయితే పిండి పట్టిన కొద్ది రోజులకే చేదు వాసన మొదలవుతుంది, దానిలో కొవ్వు ఎక్కువ. మీ రాగి మిక్స్‌లో బాదం, జీడిపప్పు పొడి కలిపారా? అయితే పాడయ్యేది వాటితోనే మొదలవుతుంది. తేమ రెండో శత్రువు. మొలకెత్తించాక ఎండలో ఆరబెడుతున్నారా, డ్రయ్యర్‌లోనా? వర్షాకాలంలో బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేమ మారితే ఏ కవరూ కాపాడదు.

కంపెనీలు ఆరు నెలల గడువు వేయడానికి ఆరు నెలలు ఆగవు. ఎక్కువ వేడి, ఎక్కువ తేమ ఉండే చాంబర్‌లో ప్యాకెట్లు పెట్టి కొన్ని వారాల్లో అంచనాకి వస్తాయి. పక్కనే మామూలు గదిలో కూడా ఉంచి సరిపోల్చుకుంటాయి. ఈ పరీక్ష ప్రైవేటు ల్యాబుల్లో మీరూ చేయించుకోవచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, దాని న్యూట్రిహబ్ ఇలాంటి చిన్నవాళ్ల కోసమే. ఒకసారి వెళ్లి మాట్లాడండి, కరస్పాండెన్స్‌తో కాలక్షేపం చేయకండి.

కవర్ గురించి. అందమైన ప్రింటెడ్ పౌచ్ కావాలని అందరూ మొదట అక్కడికే పరిగెడతారు. రోటో ప్రింటింగ్‌లో (సిలిండర్లతో కవర్లు ముద్రించే పద్ధతి) ఒక్కో రంగుకీ ఒక్కో సిలిండర్ చేయించాలి, ఆర్డర్ వందల కిలోల్లో ఉంటేనే తీసుకుంటారు. తర్వాత ధర మార్చాలన్నా, పదార్థాల వరుస మార్చాలన్నా ఆ కవర్లన్నీ చెత్తే. మొదటి ఊళ్లకి తేమ చొరబడని ప్లెయిన్ పౌచ్ మీద స్టిక్కర్ వేయండి. బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, కస్టమర్ కేర్ నంబరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు తప్పనిసరి. "షుగర్ తగ్గిస్తుంది" అని మాత్రం రాయకండి. రోగాన్ని నయం చేస్తుందని ఆహారం లేబుల్ మీద రాయడం చట్టప్రకారం కుదరదు.

చివరగా, మీ వినియోగదారులు జావని వేడినీళ్లలోనే కలుపుతున్నారా, లేక చిక్కటి మజ్జిగలోనా? 1994లో కెలాగ్స్ మన దేశానికి వచ్చినప్పుడు చల్లటి పాలలో కరకరలాడే అటుకులు తెచ్చింది. మన ఇళ్లలో పాలు వేడిగా పోశారు, మెత్తబడి ముద్దయ్యాయి. మీరు చెప్పిన పద్ధతిలో జనం తాగరు, వాళ్ల పద్ధతిలో తాగుతారు. ఆ పద్ధతిలో ఉండ కట్టకుండా ఉంటుందో లేదో చూడండి.

తెనాలి_మిల్లు
సుధ మేడమ్, బాదం పొడి ఉంది. ఎండలోనే ఆరబెడుతున్నాం. మజ్జిగలో కలిపి చూడలేదు. ఇంతకాలం నేను ఆలోచించిందల్లా కవర్ మీద బొమ్మ ఏది పెట్టాలా అనే.

జీనోమ్_వ్యాలీ
ఇప్పటిదాకా సబ్బు, షాంపూ, పిండి వచ్చాయి. నేను వ్యాక్సిన్ వైపు నుంచి ఒకటి చెప్పి వెళ్తా. అక్కడ "ముందు దింపి చూద్దాం" అనే మాటకి చోటు లేదు, అందుకే ప్రొడక్ట్ డెవలప్‌మెంట్ నడక స్పష్టంగా కనిపిస్తుంది.

మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తీసుకోండి. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు నెల్లూరు జిల్లా మనిషి, చదివింది ఎలక్ట్రానిక్స్. హెపటైటిస్ బి టీకా కోసం విదేశీ టెక్నాలజీ కొందామని వెళ్తే ఇవ్వలేదు. 1993లో కంపెనీ పెట్టి ఉస్మానియాలో, తర్వాత సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో చోటు సంపాదించి పరిశోధన చేయించారు. ఒమన్ నుంచి పెట్టుబడి వచ్చింది. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి వచ్చింది, మన దేశంలో తయారైన మొట్టమొదటి రీకాంబినెంట్ (జన్యు ఇంజినీరింగ్‌తో చేసిన) హెపటైటిస్ బి టీకా. దిగుమతి టీకా డోసు వందల్లో ఉండగా వీళ్లు 50 రూపాయల దగ్గర మొదలుపెట్టారు. ఆ ధర కోసమే ప్రాసెస్ అంతా మలిచారు. నానోలో ధర ముందు వచ్చింది, ఇక్కడా ముందే వచ్చింది. తేడా ఏంటంటే, చవక టీకా వేయించుకున్నందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు.

భారత్ బయోటెక్ రోటావాక్ కథ ఇంకా పొడవు. పసిపిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి టీకా అది. దానికి మూలమైన 116ఈ అనే వైరస్ రకం 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పిల్లల్లో దొరికింది. అది సోకినా ఆ పిల్లలకి జబ్బు చేయలేదు. డాక్టర్ ఎం.కె. భాన్ బృందం దాన్ని గుర్తించింది. అక్కడి నుంచి చివరి దశ ట్రయల్ దాకా పాతికేళ్లు దాటింది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లల మీద ఆ పరీక్ష జరిగింది. తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి మొదటి ఏడాదిలో రక్షణ 56 శాతం అని తేలింది. విడుదల 2015లో. డోసు ధర ఒక డాలర్ దగ్గర ఉంచుతామని ముందే మాటిచ్చారు. 2016లో జాతీయ టీకా కార్యక్రమంలోకి తీసుకున్నప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

56 శాతం అంటే చాలామంది పెదవి విరుస్తారు. ఈ జబ్బుతో ఏటా ఎంతమంది పిల్లలు ఆసుపత్రి పాలవుతారో చూస్తే, సగానికి పైగా ఆపగలగడం చిన్న విషయం కాదు.

విడుదలతో పని అయిపోలేదు. మొదటి రూపాన్ని మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచాలి. పల్లెటూరి ఆరోగ్య కేంద్రానికి అది కష్టం. తర్వాత మామూలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండే రూపం తెచ్చారు. బయట కూర్చున్నవాళ్లకి కొత్త టీకా కనుక్కోవడం పెద్ద వార్త. మాకు ఇలాంటి రెండో రూపమే పెద్ద పని.

బీట్_రాజు
జీనోమ్ గారూ, శాంతా వాళ్ల ఐదు జబ్బులకి ఒకే టీకాకి ఏదో సమస్య వచ్చిందని చదివిన గుర్తు?

జీనోమ్_వ్యాలీ
షాన్5. అప్పటికి కంపెనీ ఫ్రెంచ్ మందుల సంస్థ సనోఫీ చేతికి వెళ్లింది. 2010లో కొన్ని సీసాల్లో తెల్లటి మడ్డి కనిపించడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఆమోదిత జాబితా నుంచి తీసేసింది. సరిచేసుకుని 2014లో మళ్లీ ఆమోదం తెచ్చుకున్నారు. ల్యాబ్‌లో ఒక లీటరులో బాగా వచ్చింది వేల లీటర్ల ట్యాంకులో అలాగే వస్తుందనే హామీ ఏ ప్రొడక్ట్‌కీ లేదు. మిల్లు తమ్ముడికీ ఇదే వర్తిస్తుంది. ఐదు కిలోలు వేయించడం, క్వింటాలు వేయించడం ఒకటి కాదు.

గోదారి_గట్టు
సరే, నా రీల్స్ మాట వెనక్కి తీసుకోను గానీ వరస మారుస్తా. ముందు మిక్స్ నిలబడనీ, తర్వాత రీల్స్.

తెనాలి_మిల్లు
అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడు చేద్దామనుకుంటున్నది ఇదీ. బాదం పొడి తీసేస్తాను. డ్రయ్యర్ కొనే ముందు అద్దెకి దొరికితే ఒక సీజన్ చూస్తాను. ల్యాబ్ పరీక్షకి ప్యాకెట్లు పంపిస్తాను. రాష్ట్రమంతా అనే ఆలోచన పక్కన పెట్టి తెనాలిలో కొన్ని షాపులు మాత్రమే, నేనే స్వయంగా వారం వారం వెళ్లి ఎన్ని పోయాయో రాసుకుంటాను. పది రూపాయల ప్యాకెట్‌తో మొదలు. ఖాళీ ప్యాకెట్లు తెస్తే ఒకటి ఉచితం అనే స్కీమ్ కూడా. డిస్ట్రిబ్యూటర్ ఇప్పుడు వద్దు.

ఒక సందేహం. కొందరు బెల్లం కలిపిన మిక్స్ అడుగుతున్నారు. రెండు రకాలూ ఒకేసారి దింపనా?

బీట్_రాజు
ఒకేసారి వద్దు. రెండు రకాలుంటే షాపువాడు రెండూ సగం సగం తీసుకుంటాడు, నీకు ఏ లెక్కా తేలదు. ఇంకో మాట, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి అడగకముందే నువ్వే తీసుకుని కొత్తవి పెట్టు. అది చేసే కంపెనీ అంటే షాపులకి గౌరవం.

ఖమ్మం_కిరాణా
అది చేస్తే నాకూ ఒక ఇరవై ప్యాకెట్లు పంపు తమ్ముడూ. డబ్బు మాత్రం అమ్మాకే ఇస్తా, ముందే చెప్తున్నా.

ఫుడ్‌టెక్_సుధ
బెల్లం గురించి: మామూలు బెల్లం పొడి గాలిలో తేమ లాగేసుకుంటుంది, ప్యాకెట్‌లో గడ్డ కడుతుంది. బాగా ఆరబెట్టిన బెల్లం పొడి దొరుకుతుంది, ధర ఎక్కువ. ఇప్పటి పరీక్షకి పంపేటప్పుడే బెల్లం కలిపిన ప్యాకెట్లు కూడా కొన్ని పక్కన పంపండి. రెండో రకం ఎప్పుడు దింపినా అప్పటికి దాని గడువు లెక్క మీ చేతిలో ఉంటుంది. మజ్జిగలో కలిపి చూసి ఎలా వచ్చిందో ఇక్కడ రాయండి.